చెయ్యెత్తితే లారీ ఆగాలి!

గుర్రం మీద వెళ్లేవాళ్లకీ, ఎడ్లబండి తోలేవాళ్లకీ మోటారు వాహనాల చట్టం ఓ హక్కిచ్చింది. ఆ సంగతి వాళ్లకీ తెలీదు... లారీ తోలేవాళ్లకీ తెలీదు!

2024 జనవరి 2. హైదరాబాద్‌లో ఏ పెట్రోలు బంకు చూసినా బారులు తీరిన బళ్లే. అంతలో చంచల్‌గూడ దగ్గర ఓ డెలివరీ కుర్రాడు వీపున భోజనాల సంచీ తగిలించుకుని గుర్రమెక్కి వచ్చేశాడు. బంకులో గంటలకొద్దీ నిలబడినా పెట్రోలు దొరకలేదట. జనం ఫోన్లు తీశారు. ఆ సాయంత్రానికల్లా దేశమంతా ఆ వీడియో చూసి నవ్వుకుంది.

అసలు విడ్డూరం వేరే ఉంది. ఆరోజు పెట్రోలు ఎందుకు దొరకలేదు? ట్యాంకర్లు, లారీలు తోలేవాళ్లు సమ్మెలో ఉన్నారు కాబట్టి. సమ్మె ఎందుకు? నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం తీసి, పోలీసులకైనా చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ రెండో భాగం చెబుతోంది కాబట్టి. 2024 జులై 1 నుంచి న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది గానీ, ఆ ఒక్క ముక్కనూ మాత్రం పక్కన పెట్టారు. గుద్ది పారిపోతే ఏం చెయ్యాలన్న గొడవ ముదిరి, గుర్రాన్ని మళ్లీ నడిరోడ్డు మీదికి తెచ్చిందన్నమాట!

నవ్వుకోవడం అయ్యాక ఒక్కసారి ఆ గుర్రం వైపు నుంచి చూడండి. ముందు ఆటోలు, వెనక బస్సు, పక్కన హారన్ మోగిస్తూ బైకు. ఎక్కినవాడికి చేతిలో ఉన్నవి రెండు కళ్లెపు తాళ్లు. బ్రేకు లేదు. అద్దం లేదు. ఇండికేటరు లేదు. ఏ బైకువాడో సరదాకి ఎక్సలేటరు ఇంకాస్త తిప్పితే?

పగ్గాలు పట్టిన చేతులు

బెజవాడకి గుర్రం కొత్తది కాదు. రైలు దిగి స్టేషన్ బయటికొస్తే జట్కాలు వరసగా నిలబడి ఉన్న రోజులు పెద్దవాళ్లకింకా గుర్తే. మొదటాట సినిమాకి జట్కా, ఆసుపత్రికి జట్కా, కాళేశ్వరరావు మార్కెట్టుకి జట్కా. ముందు రిక్షాలొచ్చి కొంత, తర్వాత ఆటోలొచ్చి మిగతాది... ఆ బతుకు అలా తుడిచిపెట్టుకుపోయింది.

అప్పుడు ప్రమాదాలే లేవని కాదు. బెదిరిన గుర్రం బండిని ఈడ్చుకుపోయిన కథ పాత ఇళ్లలో ఒక్కటైనా వినిపిస్తుంది. కానీ ఒక తేడా ఉంది. గుర్రం దేనికి బెదురుతుందో, ఎద్దు ఎప్పుడు మొండికేస్తుందో ఆనాడు రోడ్డు మీదున్న ప్రతివాడికీ తెలుసు. బస్సు స్టీరింగు పట్టినవాడు అంతకుముందు ఊళ్లో పగ్గాలు పట్టినవాడే. ఎదురుగా బండి వస్తుంటే చెయ్యి దానంతటదే హారన్ మీంచి పక్కకి జరిగేది.

ఈ తరం డ్రైవరుకి ఆ అవకాశం లేదు. 1966లో మొదలైన ఆటోనగర్ బెజవాడను లారీల ఊరుగా మార్చేసింది. ఆసియాలోనే పెద్దదని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునే ఆ పేటలో లారీకి బాడీ కట్టడం దగ్గర్నుంచి గాలి హారన్ బిగించడం వరకూ నేర్పేవాళ్లున్నారు. ఎద్దు ఎందుకు బెదురుతుందో నేర్పేవాళ్లు లేరు. లైసెన్సు పరీక్షలోనూ ఆ ప్రశ్న పెద్దగా ఎదురుకాదు. కాబట్టి గుర్రం పక్కన హారన్ కొట్టినవాళ్లంతా దుర్మార్గులని అనుకోనక్కర్లేదు. చాలామందికి తెలీదంతే. పెళ్లి ఊరేగింపులో గుర్రం దగ్గరికొచ్చి కావాలని బైకు సైలెన్సరు మోగించే కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లకి తెలుసు. తెలిసే చేస్తారు.

కనిపించేది చుట్టూ... కనిపించనిది వెనకే

గుర్రానికీ, ఎద్దుకీ కళ్లు మనలా మొహం మీద కాక తలకు రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ చూడగలవు. గుర్రానికి దాదాపు 350 డిగ్రీలు, ఎద్దుకి 330 డిగ్రీల మేర కనిపిస్తుందంటారు పశువైద్యులు. కనిపించని చోట్లు రెండే. ఒకటి ముక్కుకి సరిగ్గా ముందు. రెండోది తోకకి సరిగ్గా వెనక. లారీ వచ్చేది ఆ రెండో చోటు నుంచే!

కంటికి కనపడదు గానీ చెవికి మాత్రం ముందే తెలిసిపోతుంది. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే గుర్రం 33 వేల దాకా వింటుంది. మనకు వినపడని బ్రేకుల కీచుమోత దానికి సూదిలా గుచ్చుకుంటుంది. ఏదో పెద్దది మీదికొస్తోందని తెలుసు... అదేమిటో తెలీదు. వేటాడే జంతువులకు చిక్కకుండా పరుగెత్తి బతికిన జాతి అది. ముందు పరుగు, ఆలోచన తర్వాత. బెదిరినప్పుడు గుర్రం పక్కకి ఎగిరే దూరం మనిషి ఊహకందదు. రోడ్డు అంచున నడుస్తున్నది క్షణంలో లారీ చక్రాల ముందుండొచ్చు.

జట్కా గుర్రానికి గంతలు కట్టింది అందుకే. గంతలు కట్టుకున్నావా అన్నది మనకు తిట్టు. గుర్రానికి మాత్రం అవి రక్ష. వెనక నుంచీ, పక్క నుంచీ వచ్చే బళ్లు కనపడకుండా, ముందున్న దారి ఒక్కటే కనపడేలా చేస్తాయి. అయితే చెవులకు గంతలు లేవు కదా!

రాత్రయితే ఇంకో తంటా. పశువుల కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. చీకట్లో వాటి కళ్లు మెరిసేది దానివల్లే. మసక వెలుతురులో అది వరమే. కానీ ఎదురు లారీ హైబీమ్ ఒక్కసారిగా కళ్లలో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడటానికి గుర్రానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. అంతసేపూ అది గుడ్డిగా నడుస్తున్నట్టే.

ఒక పక్క కాలువ... ఇంకో పక్క లారీ

కృష్ణా డెల్టాలో ఇప్పుడు స్వారీ గుర్రాలు తక్కువే. పెళ్లిళ్లకు తెచ్చేవీ, సరదాగా పెంచుకునేవీ కొన్ని. రోడ్డు మీద అసలు కష్టం పడుతున్నది ఎడ్లబండ్లు, దున్నపోతుల బండ్లు, గొర్రెల మందలు. సంక్రాంతి నెలలో గంగిరెద్దులు.

డెల్టా రోడ్డుకో లక్షణముంది. చాలాచోట్ల అది కాలువ గట్టే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ... వీటి వెంబడి, కృష్ణ కరకట్ట వెంబడి సాగే దారుల్లో ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లంలో పొలం. మెట్ట ఊళ్లలో బండి బెదిరితే చేల్లోకి దిగిపోతుంది. పోతే నాలుగు మొక్కలు పోతాయి. ఇక్కడ దిగడానికి చోటే లేదు. కాడి మెడ మీదుండగా జత ఎద్దులు కాలువలో పడితే ఈదుకుని బయటికి రావడం కష్టం. కాడి విప్పేలోపే అంతా అయిపోతుంది. ఏడాదంతా ఆ జత మీదే బతికే ఇంటికి అది ఎంత దెబ్బో చెప్పనక్కర్లేదు.

పెద్ద రోడ్డు సంగతి ఇంకోలా ఉంది. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బెజవాడ దాటాక కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం చేరుతుంది. నాలుగు వరసలయ్యాక కార్లకి ప్రాణం లేచొచ్చింది. బండి రైతుకి మాత్రం మధ్యలో డివైడరు అడ్డమొచ్చింది. రోడ్డుకవతల కళ్లెదురుగా ఉన్న చేలోకి వెళ్లాలంటే ఎక్కడో ఉన్న మలుపు దాకా పోయి తిరిగి రావాలి. ఎద్దు నడిచేది గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. అందుకని దగ్గరిదారిలో ఎదురు తోలేస్తారు. అది తప్పే, ప్రాణాంతకమే. కానీ రోడ్డు గీసినప్పుడు బండివాడు ఎవరికీ గుర్తురాలేదన్నదీ అంతే నిజం.

కాలం కూడా కలిసిరాదు. వరి కోతలు, గడ్డి మోతలు, ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకు తోలకాలు... అన్నీ ఇంచుమించు చలికాలంలోనే. ధనుర్మాసపు పొగమంచు కూడా అప్పుడే. చెరకు చాలావరకు ట్రాక్టర్లకెక్కినా, వరిగడ్డి ఇంటికి చేర్చడానికి చిన్నరైతుకి బండే దిక్కు. గడ్డిమోపు రెండు పక్కలా పొంగి రోడ్డంతా ఆక్రమిస్తుంది. తోలేవాడు పైన కూర్చుంటే వెనకేం వస్తోందో కనపడదు. వెనకొచ్చేవాడికి మంచులో ఆ గడ్డి మంచు రంగులోనే ఉంటుంది.

ఎండాకాలం మరోరకం. 1965 నాటి బరువులు లాగే పశువుల నిబంధనల ప్రకారం 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువును పనిలో పెట్టకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించకూడదు, ఏకధాటిగా అయిదు గంటలకు మించకూడదు. బెజవాడ ఎండకి అది న్యాయమైన నియమమే. దానివల్ల బండ్లన్నీ తెల్లవారకముందో, పొద్దుగూకాకో రోడ్డెక్కుతాయి. ఎండదెబ్బ తప్పుతుంది గానీ, చీకటి మీదపడుతుంది.

ఎర్రజెండా నుంచి 132 దాకా

ఇక అసలు సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 132వ సెక్షన్. డ్రైవరు వాహనాన్ని తప్పనిసరిగా ఆపాల్సిన సందర్భాలు అందులో ఉన్నాయి. పోలీసు అధికారి ఆపమంటే ఆపాలన్నది ఒకటి. అది అందరికీ తెలుసు. దాని కిందే ఇంకోటి ఉంది. పశువును తోలుకెళ్తున్న మనిషి ఎవరైనా సరే, ఆ పశువు అదుపు తప్పిందని గానీ, ఈ వాహనం చూసి బెదిరి అదుపు తప్పుతుందని గానీ భయపడి ఆపమంటే... డ్రైవరు ఆపాలి. అవసరమైనంతసేపు కదలకుండా నిలబెట్టాలి!

పోలీసుకున్నట్టే పశువుల కాపరికీ లారీని ఆపించే హక్కు. చదువుతుంటే నమ్మబుద్ధి కాదు కదూ?

పశువంటే ఏమిటో కూడా ఆ సెక్షనే లెక్కచెప్పింది. గుర్రం, గొడ్లు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక. బాతులు లేవు! కోతలయ్యాక చేల వెంబడి వందలకొద్దీ బాతుల్ని తోలుకుపోయే డెల్టా వాళ్లకి ఇది కాస్త అన్యాయమే. ఢిల్లీలో రాసినవాళ్లెవరూ కొల్లేరు వైపు వచ్చినట్టు లేరు.

ఈ హక్కు నిన్నమొన్నటిది కాదు. దీని వేళ్లు ఇంగ్లండులో ఉన్నాయి. అక్కడ 1865లో ఓ చట్టం తెచ్చారు. ఆవిరి బండి రోడ్డెక్కితే దానికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. గుర్రాల మీద వచ్చేవాళ్లను హెచ్చరించాలి. ఊళ్లో ఆ బండి వేగం గంటకు రెండు మైళ్లు, బయట నాలుగు మైళ్లు మించకూడదు. మన ఎద్దుకన్నా నయమేం కాదు! 1896లో ముందు మనిషి నడవాలన్న బాధ తేలికపాటి మోటారు బండ్లకు తప్పించారు. దానికి బదులు, బెదిరిన గుర్రాన్ని పట్టుకున్న మనిషి చెయ్యెత్తితే మోటారు ఆగాలని నియమం పెట్టారు. రోడ్డు అప్పుడు గుర్రానిది. మోటారు చుట్టపుచూపుగా వచ్చింది. ఇప్పుడు తిరగబడింది. చుట్టం ఇంటివాణ్నే పొమ్మంటోంది.

మన సెక్షన్‌లో చెయ్యెత్తమని లేదు. ఆపమని కోరితే చాలు. ఇంజను మోతలో నోటిమాట ఎలాగూ వినపడదు కాబట్టి చెయ్యే దిక్కు. అయితే ఒక జాగ్రత్త. హక్కుందని లారీకి అడ్డంగా వెళ్లి నిలబడితే చట్టం వచ్చి చెయ్యి పట్టి లాగదు. పక్కనే ఉండి, దూరం నుంచే కనపడేలా, అరచెయ్యి చాచి పైకెత్తాలి. ఆగినవాడికి ఓ దణ్నం పెడితే ఇంకోసారి ఇంకోబండికీ ఆగుతాడు.

ఇంగ్లండు వాళ్లు ఆ పాత మర్యాదను ఇప్పటికీ వదల్లేదు. 2022లో సవరించిన వాళ్ల రోడ్డు నియమావళిలో గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు మించొద్దనీ, కనీసం రెండు మీటర్ల ఎడం వదలాలనీ అంకెలతో సహా రాసుకున్నారు. అవే అంకెలు మనకీ పనికొస్తాయి. గట్టు రోడ్డు మీద రెండు మీటర్ల ఎడం దొరకదంటారా? దొరికేదాకా వెనకే రావాలి. అంతే.

స్టీరింగు పట్టినవాళ్లకి

ముందు బండో గుర్రమో కనపడగానే వేగం తగ్గించాలి. దగ్గరికొచ్చాక బ్రేకు కొడితే ఆ మోతే బెదరగొడుతుంది. హారన్ ముట్టుకోకూడదు. రకరకాల రాగాలు తీసే హారన్లూ, చెవులు చిల్లులు పడే హారన్లూ బిగించడమే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన ప్రకారం తప్పు. అనవసరంగా మోగిస్తే జరిమానా అంటూ 2019లో చట్టానికి ఇంకో సెక్షనూ చేర్చారు. వెనకున్నట్టు తెలియాలంటే కాస్త దూరంలోనే నెమ్మదిగా ఓ కేక వేస్తే చాలు. మనిషి గొంతు పశువుకి అలవాటే.

రాత్రిపూట లైట్లు దించాలి. దాటాక కూడా వెంటనే ఎక్సలేటరు తొక్కకూడదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. దాటేశాం కదా అని ఊపు పెంచితే ఆ మోత, ఆ పొగ సరిగ్గా గుర్రం మొహాన పడతాయి. తల పైకెత్తి, అడుగులు పక్కకి వేస్తోందంటే అది అప్పటికే బెదిరిందని గుర్తు. అప్పుడు ఇంజను ఆపేసి నిలబడటమే మంచిది. పోయేది ఒక్క నిమిషం.

పగ్గాలు పట్టినవాళ్లకి

అవతలివాడు మంచివాడని నమ్మి రోడ్డెక్కకూడదు. జట్కావాళ్లకు తెలిసిన మొదటి పాఠమిది. కొత్త గుర్రాన్ని ఒంటరిగా తేకూడదు. రోడ్డు మోతకి అలవాటుపడ్డ ముసలి గుర్రం ఒకటి పక్కనుంటే దాన్ని చూసి ఇది ధైర్యం తెచ్చుకుంటుంది. ఎప్పుడూ ఎడమ పక్కే. దిగి నడిపించాల్సివస్తే గుర్రానికీ వాహనాలకీ మధ్యలో మనిషి ఉండాలి. అలా అయితే అది మనిషి వైపు చూస్తుంది గానీ లారీ వైపు కాదు. వాన కురిసిన తారురోడ్డు మీద ఇనుప లాడాలు జారతాయి. ఆ రోజు స్వారీ మానుకోవడమే మేలు. ఎక్కినవాళ్లకి హెల్మెట్ బైకు మీదెంత అవసరమో ఇక్కడా అంతే. పెళ్లికొడుకు తలపాగా మీద హెల్మెట్ పెట్టమంటే ఒప్పుకోడు, నిజమే. కనీసం గుర్రాన్ని పట్టుకునే మనిషి చివరిదాకా కళ్లెం వదలకుండా ఉండాలి. బ్యాండు, బాణసంచా, జనరేటరు లైట్లు దానికి పక్కనే కాకుండా కాస్త ఎడంగా ఉండాలి. ఊరేగింపు రోడ్డుకి ఒక పక్కే సాగాలి.

ఎడ్లబండికి లెక్క వేరు. జతలో ఎడమది దాపటెద్దు, కుడిది వెలపటెద్దు. వాహనాలు రాసుకుంటూ పోయేది వెలపటి దాని పక్కనుంచే. కాబట్టి బెదురు గొడ్డును కొత్తగా మలిపేటప్పుడే దాపటకి అలవాటు చెయ్యడం తెలివైన పని. ఒకసారి కుదిరాక మార్చబోతే రెండూ మొరాయిస్తాయి.

చీకటి పడితే వెనక వెలుగుండాలి. పూర్వం ఇరుసు కింద లాంతరు ఊగుతుండేది. లేకపోతే పోలీసులు ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు లాంతరు పోయింది, దాని స్థానంలో ఏదీ రాలేదు. కొమ్ములకూ, చక్రపు ఆకులకూ, బండి వెనక పలకకూ మెరిసే టేపు అంటిస్తే లారీ లైటు పడగానే ఎర్రగా కనిపిస్తుంది. ఖర్చు ఓ పూట టీకాఫీలంత. గడ్డిమోపు కప్పేయకుండా టేపును మోపు మీద వేలాడే గుడ్డకి అంటించాలి. ఇది మరిచిపోతే మిగతాదంతా దండగ. మోపెత్తిన రోజున పైకెక్కి కూర్చోకుండా ఎద్దుల పక్కన నడవాలి. వెనక ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది. ఎదురుదారి తోలకం మానెయ్యాల్సిందే. తోలేవాడి బాధ్యత కూడా చట్టంలో ఉంది. పశువుని అజాగ్రత్తగా వదిలేసి మనుషులకు ప్రమాదం తెస్తే న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

గుద్దితే?

మొదటి పని మనుషుల్ని చూసుకోవడం. రెండోది కాడి తాళ్లు కోసైనా బతికున్న పశువును విడిపించడం. పడున్న గుర్రం కాళ్ల వైపు ఎవరూ వెళ్లకూడదు. నొప్పితో తన్నిందంటే ఎముకలు విరుగుతాయి. వీపు వైపు నుంచి వెళ్లి తల దగ్గర కూర్చుని, కళ్లమీద గుడ్డ కప్పితే కొంత నెమ్మదిస్తుంది. పశువుల అంబులెన్సుకి 1962, పోలీసులకి 112.

ఈ కంగారులో వాహనం నంబరు రాసుకోవడం మర్చిపోతారు. అదే పొరపాటు. నంబరు లేకపోతే బీమా లేదు. ఎద్దో గుర్రమో చనిపోతే అది యజమాని ఆస్తికి జరిగిన నష్టం కిందికొస్తుంది. గుద్దిన వాహనానికి తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ బీమా నుంచి పరిహారం అడగొచ్చు. దానికి మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్ ఉంది. పోలీసు ఫిర్యాదు ప్రతి, పశువైద్యుడిచ్చిన పోస్టుమార్టం కాగితం, పశువు ఫొటోలు, కొన్నప్పటి సంత రసీదు ఉంటే అదీ జతపరచాలి. ఆరు నెలల్లోపు వేసేయడం క్షేమం. రోడ్డు మీద పదిమంది చేరి ఇంతో అంతో ఇప్పించి పంపేసే రాజీల్లో సాధారణంగా ఎద్దు ధరలో పావువంతు కూడా రాదు. కాగితం రాయకుండా డబ్బు తీసుకుంటే తర్వాత అడగడానికేమీ మిగలదు.